కరవని కాటు

మ్యూజియం మొదటి అంతస్తులో, మెట్లు ఎక్కగానే ఎడమచేతి వైపు అద్దాల పెట్టెలో ఒక పుర్రె ఉండేది. ఓ మాదిరి కుక్క తలకాయంత ఉంటుంది. పై దవడ నుంచి రెండు కోరలు కత్తుల్లా కిందికి దిగి ఉంటాయి. ఆ కత్తులకు ఒర అమర్చినట్టు కింది దవడ ఎముక ముందువైపు రెండు రేకులుగా సాగి ఉంటుంది. చూసినవాళ్లెవరైనా పులి జాతే అనుకుంటారు. కాదు. పిల్లిలా కనిపించే వేరే వంశం అది. పేరు హోప్లోఫోనియస్. కోట్ల ఏళ్ల కిందటే ఆ ప్రజాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. దాని తరఫున మాట్లాడటానికి ఇవాళ భూమ్మీద దాని బంధువంటూ ఎవరూ లేరు.

ఎడమ కంటిగుంటకు పైన ఒక చిన్న కోలపాటి చిల్లు, దాని వైపు ఎర్ర బాణం గుర్తు. పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలు: "తన జాతినే చంపిన జంతువు." ఇరవై రెండేళ్లు ఉంది ఆ బోర్డు. బడిపిల్లలు గుంపులుగా వచ్చి దాని ముందు నిలబడి "అమ్మో" అనుకుని వెళ్లేవాళ్లు.

ఆ చిల్లు కోర వల్ల పడింది కాదని భవనం మొత్తమ్మీద ఒకే ఒక్క మనిషికి తెలుసు. ఆ మనిషి కింది గదిలో పనిచేసేది. ఆమెను అందరూ సూదక్క అనేవారు.

సూదక్క ఇరవై మూడేళ్ల వయసులో ఆ మ్యూజియానికి నేల తుడవడానికి వచ్చింది. వచ్చిన నెలలోనే అచ్చుల మేస్త్రి అరచేతిలో ఇనుప తీగ ముక్క విరిగి గుచ్చుకుపోయింది. అతను అస్థిపంజరాలకు రబ్బరు అచ్చులు తీసి నకళ్లు పోసేవాడు. ఆస్పత్రికి వెళ్దామా వద్దా అని నలుగురూ తర్జనభర్జన పడుతుంటే ఈమె జాకెట్టుకు గుచ్చుకున్న పిన్నీసు తీసి, అతని చేయి కిటికీ వెలుతురులోకి లాగి, రెండు నిమిషాల్లో ముక్క బయటికి తీసింది. చుక్క నెత్తురు రాలేదు. అక్కడే ఉన్న పెద్దసారు "ఈ చేయి చీపురు పట్టాల్సింది కాదు" అన్నాడు. ఆయన అప్పట్లో ఎముకల విభాగానికి అధికారి. మర్నాటి నుంచి ఆమెను ఎముకల గదిలో కూర్చోబెట్టారు. చీపురు కూడా వదల్లేదనుకోండి. పొద్దున్నే గది తుడవడం, ఆపైన ఎముకలు శుభ్రం చేయడం. రెండు పనులు, ఒకే కాంట్రాక్టు.

తవ్వకాల నుంచి ఎముకలు రాయితో సహా, పలాస్త్రి కట్టుతో మూటల్లా వస్తాయి. కట్టు విప్పి, ఎముకను పట్టుకుని ఉన్న రాయిని ఊడదీయాలి. దళసరి రాయికి గాలి ఉలి ఉంటుంది. పంటి డాక్టరు దగ్గర విన్నట్టే జుయ్యిమంటుంది. ఎముక దగ్గర పడ్డాక దాన్ని పక్కన పెట్టి సూది పట్టాలి. రోజంతా వంగి కూర్చుంటే వేలెడు మేర తేలుతుంది. సూదక్క మొగుడు లిఫ్టు మెకానిక్. ఆమె ఆలస్యంగా ఇల్లు చేరిన రోజున "నీ రెండో కాపురం ఎలా ఉంది? వాడికి పళ్లు తోమావా?" అనేవాడు. "నీకన్నా నయం, నోరు మూసుకుని కూర్చుంటాడు" అనేది ఆమె.

ఎముకల గది గోడ మీద ఒక కాగితం అతికించి ఉండేది: ఎముక విరిగితే వెంటనే చెప్పాలి, ముక్కలు దాచి ఉంచాలి, ఆ ఎముక వివరాల కార్డులో రాయాలి. మంచి నియమమే. కాకపోతే కార్డు మీద సంతకం పెట్టే గడి పర్మినెంటు ఉద్యోగులకే ఉండేది. కాంట్రాక్టు వాళ్లు ఏం చేశారో రాసే చోటే లేదు. పైగా సూదక్కకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఏదో జంతువు పక్కటెముక ఒకటి తన చేతిలో విరిగిందని నిజాయితీగా చెప్పి, ఆ సాయంత్రమే ఇంటికెళ్లిపోయాడు, మళ్లీ రానక్కరలేదన్న మాటతో. గోడ మీది నియమం ఒకటి, గదిలో నడిచే నియమం ఇంకొకటి.

హోప్లోఫోనియస్ పుర్రె చేతికొచ్చేసరికి ఆమెకు ఆ పనిలో తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. నాలుగు నెలలు కూర్చుంది దాని ముందు. చివరికి ఎడమ కంటిగుంట పైన అరచేతిలో సగమంత రాతి పొర మిగిలింది. అది శుక్రవారం మధ్యాహ్నం. ఇక్కడ ఆ రోజు ఇంట్లో కూతురికి జ్వరమనో, మొగుడితో గొడవనో రాస్తే చదివేవాళ్లకు జాలి పుడుతుంది. జ్వరం లేదు, గొడవా లేదు. సెలవు మీద వెళ్లిన పెద్దసారు సోమవారం వస్తాడు. ఆయన వచ్చేసరికి పుర్రె మొత్తం తేలి ఉండాలని, ఆయన చూసి మెచ్చుకోవాలని ఆమెకు ఆశ. అంతే. సూదితో తీయాల్సిన పొరకు గాలి ఉలి పెట్టింది.

ఉలి జారింది. బొటనవేలి గోరంత ఎముక పొడి పొడి అయిపోయింది. ఉలి మొన ఇంకా లోపలికి దిగి ఆగింది.

గదిలో ఎవరూ లేరు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత లేచి, బల్ల మీది రాతి పొడిని జిగురులో కలిపి చిల్లులో నింపింది. అంచులను సూదితో నున్నగా చేసింది. ఆరాక జిగురు కుంచించుకుపోయి గుంటలాగే మిగిలింది. కానీ పాతదానిలా ఉంది, ఎప్పటిదో అన్నట్టు. సోమవారం పొద్దున్నే దాన్ని తీసుకెళ్లి అచ్చుల మేస్త్రికి ఇచ్చింది. అతను అచ్చు ఇరుక్కోకుండా చిల్లుకు బంకమట్టి అద్ది, రబ్బరు పోసి, అచ్చు రిజిస్టరులో తేదీ వేసి సంతకం పెట్టాడు.

పెద్దసారు మధ్యాహ్నం వచ్చాడు. భూతద్దంలో చూస్తూ చూస్తూ గట్టిగా కేక వేశాడు. అందరూ పరుగున వచ్చారు. ఆయన సొరుగు లాగి ఇదే జాతి జంతువు కోర ఒకటి తెచ్చి చిల్లులో పెట్టాడు. పట్టలేదు. ఇంకోటి తెచ్చాడు. వదులుగా ఉంది. మూడోది సరిగ్గా కూర్చుంది.

"చూశారా! దీన్ని కరిచింది దీని జాతిదే. ఇంకోచోట ఇలాంటి వాటి పుర్రెల మీద కాట్లు కనిపించాయి, మన దగ్గరా దొరికింది! ఇంత సన్నని గుర్తు చెరిగిపోకుండా కాపాడిందెవరో తెలుసా? మన సూదక్క!"

అందరూ చప్పట్లు కొట్టారు. అచ్చుల మేస్త్రి అందరికన్నా గట్టిగా కొట్టాడు. సూదక్క నిజం చెప్పాలంటే అదే క్షణం. అది దాటిపోయింది.

వ్యాసం అచ్చయింది. చివర్లో ఐదుగురికి కృతజ్ఞతలు ఉన్నాయి, ఆమె పేరు లేదు. కాంట్రాక్టు వాళ్ల పేర్లు వేయరు. చేసినవాళ్ల పేరు ఎందుకు వేయరని యూనియన్‌లో పనిచేసే నేనూ నాతోటివాళ్లూ ఎన్నిసార్లు గొంతు చించుకున్నామో లెక్క లేదు, అందులో ఒక్క మాటా నేను వెనక్కి తీసుకోను. కానీ ఆ రోజు సూదక్క ఆ ఐదు పేర్లు రెండుసార్లు చదివి, తన పేరు లేనందుకు ఊపిరి పీల్చుకుంది. ఆ లేని పేరు చాటునే ఇరవై రెండేళ్లు దాక్కుంది. ఈ మాట ఆమే స్వయంగా చెప్పింది, తల దించుకుని.

తర్వాత ఆమె మొదటి అంతస్తుకు వెళ్లడం మానేసింది. ఒకసారి కూతురు బడివాళ్లతో మ్యూజియం చూసి ఇంటికొచ్చి, "అమ్మా, నీ జంతువు రాక్షసే! వాళ్లవాళ్లనే చంపేసిందట. మా టీచరు చెప్పింది, మనుషుల్లోనూ అలాంటి జాతులు ఉంటాయట" అంది. సూదక్క గరిటెతో కూతురి కంచంలో అన్నం వడ్డించింది. "ఎవరి గురించి అంది ఆ మాట?" అని అడగలేకపోయింది. "తిను ముందు" అంది. తన ఉలి జారడం వల్ల పడిన చిల్లు ఏ క్లాసులో ఎవరి మీద రాయిగా పడుతోందోనన్న ఆలోచన ఆమెకు అప్పుడు వచ్చింది. మూగ జంతువు మీద వేసిన నింద అక్కడితో ఆగదు.

ఇరవై రెండేళ్లు గడిచాక, పెద్దసారు మ్యూజియానికే డైరెక్టరు అయ్యాక, స్కానింగు యంత్రంతో ఒక పరిశోధకురాలు వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మాటకు ముందు నవ్వు. పుర్రెలన్నీ లోపలి నుంచి చూస్తానంది. వారం తర్వాత డైరెక్టరు గదిలో అందరినీ పిలిచి తెర మీద బొమ్మ చూపించింది. ఆ రోజు నవ్వలేదు.

"పుర్రె లోపల బురద చేరి రాయి అయిపోయింది కదండీ. ఈ చిల్లు ఎముకతో ఆగలేదు. ఆ రాయిలోకి కూడా దిగింది. బతికున్నప్పుడు కరిస్తే లోపల మెదడుంటుంది గానీ రాయి ఉండదు కదా. మీద రాతి పొడి, జిగురు కలిపి పూశారు. ఇది కాటు కాదండీ. ఏదో పనిముట్టు."

పెద్దసారు ముఖం గోడకు వేసిన సున్నంలా అయిపోయింది. ఆయన పేరు నిలబడ్డదే ఆ కాటు మీద. ఇరవై దేశాల్లో ఉదహరించారు. రిజిస్టర్లు తెమ్మన్నాడు. ఉన్నది ఒకే ఒక్క సంతకం. వ్యాసానికి ముందు ఆ పుర్రె తాకినట్టు కాగితం మీద ఉన్న చేయి ఒక్కటే, అచ్చుల మేస్త్రిది.

"అచ్చు తీసేటప్పుడు ఏం చేశావయ్యా?"

"చిల్లుకి మట్టి పెట్టాను సార్. చిల్లు అప్పటికే ఉంది."

"ఉందని నీకెలా తెలుసు? ఎముకల గది నుంచి అలాగే వచ్చిందా?"

మేస్త్రి సూదక్క వైపు చూశాడు. ఇప్పుడు అడుగుతాడు, నేను ఒప్పుకుంటాను, తీరిపోతుంది అనుకుంది ఆమె. అతను మళ్లీ సారు వైపు తిరిగాడు.

"ఆమె చేతిలో ఎముక విరగదు సార్. మా చెల్లెమ్మ చేతి నుంచి వచ్చిందంటే నేను కళ్లు మూసుకుని తీసుకుంటాను. అంటే... నా దగ్గరే ఏదైనా జరిగిందేమో. ఇరవై రెండేళ్లాయె. నాకు గుర్తు లేదేమో."

రెండేళ్లలో రిటైరయ్యే మనిషికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు, మూడు రోజుల గడువుతో. అచ్చుల గది తాళం చెవి తీసుకున్నారు. ఇంతవరకు ఒక్క ఎముక పాడుచేయలేదన్నదే అతనికున్న గర్వం. ఆ గర్వం ఆ పూటతో పోయింది.

మొదటి రోజు సూదక్క రేపు చెబుదామనుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం మేస్త్రి ఎముకల గదికి వచ్చి, ఆమెకు తెచ్చిన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, కుడిచేయి కిటికీ వైపు చాపాడు. ఆ కిటికీలోంచి పేవ్‌మెంటు మీద నడిచేవాళ్ల చెప్పులు తప్ప ఏమీ కనిపించవు.

"చెల్లెమ్మా, సరిగ్గా చూడు. నా చేయి వణుకుతోందా?"

"లేదన్నా."

"మా ఆవిడ వణుకుతోందంటోంది. ఎప్పట్నుంచో వణుకుతూ ఉందేమోనంటోంది. పాత అచ్చులన్నీ గుర్తు చేసుకుంటున్నా. ఇంకా ఎన్ని పాడుచేశానో ఏంటో."

"నువ్వేం పాడుచేయలేదన్నా."

"నీకేం తెలుసు? నీ మంచితనం కొద్దీ అంటావు."

ఆమె టీ తాగేసింది. చల్లారిపోయిన టీ. ఆ గుటక గురించి చెప్పేటప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిల్లు పడ్డ రోజు భయపడ్డానని చెప్పుకోవచ్చు, చప్పట్ల రోజున బిత్తరపోయానని చెప్పుకోవచ్చు, ఆ టీ తాగడానికి మాత్రం ఏ సాకూ లేదంది.

మూడో రోజు పొద్దున మేస్త్రి తెల్లకాగితం, పెన్ను పట్టుకుని వచ్చాడు.

"నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయి. నువ్వు రాసిపెట్టు. నేనే అయ్యుంటాను, ఇంకెవరున్నారు? ఒప్పేసుకుంటే గొడవ వదులుతుంది. రాయి. 'అయ్యా, అచ్చు తీసే సమయంలో నా చేతి పొరపాటు వల్ల...' రాశావా?"

ఆమె "అయ్యా" అని రాసింది. "అచ్చు తీసే సమయంలో" అని రాసింది. "నా చేతి" దగ్గర పెన్ను ఆగింది. ఆ అక్షరాలు రాసింది ఆమె చేయి. ఒప్పుకుంటున్నది అతను.

"ఏమైంది? ఇంకు లేదా?"

"అన్నా, ఇక్కడే కూర్చో. పైకి వెళ్లొస్తా" అని కాగితం తీసుకుని లేచింది.

ఒక విషయం దాచకూడదు. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పకుండా ఆమె అధికారి దగ్గరికి వెళ్లింది. అధికారికి చెప్పడం తేలిక. ఆయన తిట్టగలడు, తీసేయగలడు, అంతకన్నా ఏం చేస్తాడు?

పెద్దసారు మొత్తం విన్నాడు. తిట్టలేదు. లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. మేస్త్రి మీద నోటీసు వెనక్కి తీసుకుంటాను. 'చిల్లుకు కారణం తెలియదు' అని రాసి వదిలేద్దాం. నీ ఉద్యోగం ఉంటుంది, అతనికీ మచ్చ ఉండదు."

"ఉంటుంది సార్. వాళ్లావిడ కళ్లలో ఉంటుంది, వర్క్‌షాపులో ఉంటుంది. అన్నిటికన్నా ఆయనకే ఉంటుంది. తన చేయే చేసిందనుకుంటున్నాడు."

"నా సంగతి ఆలోచించవా మరి? నా పరువేమవుతుంది?"

"ఆ రోజు మీరు మూడు కోరలు పెట్టి చూశారు సార్. రెండు పట్టలేదు. మూడోది పట్టేసరికి కాటు అన్నారు. రెండు పట్టలేదని వ్యాసంలో రాయలేదు. తప్పు నాది. కానీ ఒక్కదాన్నే మోయలేను."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వీపు ఇటు పెట్టే, "రాసివ్వు" అన్నాడు. ఆమె అదే కాగితం మీద "అచ్చు తీసే సమయంలో" కొట్టేసి, "రాయి తీసే సమయంలో నా చేతి పొరపాటు వల్ల" అని రాసి సంతకం పెట్టింది.

మేస్త్రికి చెప్పడానికి మధ్యాహ్న భోజనాల గదినే ఎంచుకుంది. అతను నలుగురిలో "నా దగ్గరే ఏదైనా జరిగిందేమో" అన్నాడు గనక నలుగురిలోనే చెప్పాలనుకుంది. వడ్రంగి, గేటు దగ్గరి వాచ్‌మన్, స్కానింగు అమ్మాయి ఉన్నారు. నిలబడి చెప్పింది. శుక్రవారం దగ్గర మొదలుపెట్టి, ఉలి, జిగురు, చప్పట్లు, టీ దాకా అన్నీ చెప్పింది. వడ్రంగి "హమ్మ సూదక్కా!" అని ఏదో వేళాకోళం ఆడబోయి మేస్త్రి ముఖం చూసి మానేశాడు.

మేస్త్రి అన్నం డబ్బా వైపే చూస్తున్నాడు.

"చిల్లు సంగతి సరే. తొందరపాటు, ఉద్యోగ భయం. నేనైనా అదే చేసేవాణ్నేమో. ఈ మూడు రోజులేంటి?"

"చెప్పలేకపోయానన్నా."

"చేయి చాపి అడిగాను నిన్ను. వణుకుతోందా అని."

"లేదన్నాను కదన్నా."

"ఆ లేదు తర్వాత ఇంకో మాట ఉంది. అది నీ నోట్లోనే ఉంది." అతను డబ్బా మూత పెట్టాడు. సగం అన్నం అలాగే ఉంది. "రాత్రి మా ఆవిడ నాకు గ్లాసు అందిస్తూ కింద చేయి పెట్టింది, జారిపోతుందేమోనని. ఆ సంగతి నీకెలా చెప్పాలో నాకు తెలియట్లేదు."

లేచి వెళ్లిపోయాడు. ఎవరైనా తిడితే బాగుండునని ఆమెకు అనిపించిందట.

బోర్డు తీసేశారు. పెద్దసారు సవరణ వ్యాసం పంపాడు, అందులో మొదట "సాంకేతిక లోపం" అని రాశాడు. స్కానింగు అమ్మాయి పట్టుబట్టి, ఎముక శుభ్రం చేసిన మనిషి స్వయంగా చెప్పడం వల్లే నిజం తేలిందని, పేరుతో సహా చేర్పించింది. ముప్పై ఒక్క ఏళ్ల పనికి ఎక్కని పేరు ఒక్క తప్పుకు అచ్చులోకి ఎక్కింది. న్యాయమే అంటుంది సూదక్క. నాకది సగం న్యాయంగానే కనిపిస్తుంది. తప్పుకు ఆమె బాధ్యురాలే. కానీ చెబితే బతకనివ్వని గదిని నడిపినవాళ్ల పేర్లు ఆ సవరణలో ఎక్కడున్నాయి? యూనియన్ గట్టిగా నిలబడింది గనక, ఆమెలా రాయి తీసేవాళ్లు ఇంకొకరు లేరు గనక, ఆమెను తీసేయలేదు. కార్డు మీద కాంట్రాక్టు వాళ్లకూ ఒక గడి పెట్టారు. అందుకు ఇరవై రెండేళ్లు పట్టింది, ఒక మనిషి పరువు పట్టింది. సిగ్గుపడాల్సింది ఆమె ఒక్కతే కాదు.

నాలుగు నెలల తర్వాత, కొత్త ప్రదర్శన కోసం పుర్రెకు మళ్లీ అచ్చు తీయాల్సి వచ్చింది. సూదక్క పాత జిగురంతా కరిగించి, చిల్లును ఉన్నదున్నట్టు తేల్చి, దూది పరిచిన ట్రేలో పెట్టి అచ్చుల గదికి తీసుకెళ్లింది. తాళం చెవి మేస్త్రికి తిరిగి ఇచ్చేశారు. ఈ నాలుగు నెలల్లో వాళ్లిద్దరూ పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

అతను ట్రే వెంటనే అందుకోలేదు. బల్ల ఖాళీ చేసి, భూతద్దం తీసి, ఒక కొత్త నోటుపుస్తకం తెరిచాడు.

"ఇక్కడ పెట్టండి" అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్లలో అతను ఆమెను మీరు అనడం అదే మొదలు.

పుర్రె మీద ఒక్కో పగులు, ఒక్కో గీత, ఒక్కో అతుకు భూతద్దంలో చూసి, కోడి గీకినట్టున్న అక్షరాలతో రాసుకోవడం మొదలుపెట్టాడు. కుడి దవడ అయింది. కోరలు అయ్యాయి. చేయి నిలకడగా ఉంది. కంటిగుంట దగ్గరికి వచ్చేసరికి నీడ పడింది.

"దీపం కొంచెం ఇటు వంచండి."

ఆమె దీపం వంచి పట్టుకుంది. అరగంట పట్టింది. చేయి లాగేస్తున్నా మార్చుకోలేదు, అతను కూర్చోమనలేదు. చివర కింద తేదీ వేసి, పుస్తకం ఆమె వైపు తిప్పి, పెన్ను ఇచ్చాడు. ఆమె సంతకం పెట్టింది. అప్పుడు రెండు చేతులతో పుర్రెను ఎత్తుకుని లోపలికి వెళ్లాడు.